జమీలా ఆంటీ కిందికి దిగని నాలుగు వారాలు

సింగపూరులో నేను వేసిన కంప్యూటర్ కేబులంతా ఒక్క తీగగా సాగదీస్తే ఒక కొస జురాంగ్ ఈస్ట్‌లో ఉంటుంది, రెండో కొస మా తెనాలి రైల్వేస్టేషన్లో ఉంటుంది. మధ్యలో సముద్రం తడిపేయదా అంటారేమో, నేను వేసింది తడవని రకం. నమ్మకపోయినా నష్టం లేదు. ఇప్పుడు చెప్పబోయేది కేబుల్ గురించి కాదు, మా బ్లాకులో ఏడో అంతస్తు జమీలా ఆంటీ గురించి. ఆవిడ గురించి నేను కోసిన కోతల వల్ల ఒక గది చేజారిపోయేదాకా వచ్చింది. అందుకని ఆవిడ సంగతి మట్టుకు ఉన్నదున్నట్టు చెబుతాను. నా సంగతికి హామీ ఇవ్వలేను.

అది రెండువేల సంవత్సరం. రాఫెల్స్ ప్లేస్ స్టేషన్లో ఎవరైనా తెలుగులో తుమ్మితే పక్కనున్న ముగ్గురు వెనక్కి తిరిగి "ఏ కంపెనీ అండీ" అని అడిగే రోజులు. నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో కాలేజీని వదిలేసి వచ్చాను. కాలేజీవాళ్ళు తామే వదిలేశామంటారు. ఎవరి చరిత్ర వాళ్ళు రాసుకుంటారు. బుకిట్ బటోక్‌లో తొమ్మిదో అంతస్తు ఫ్లాటులో ఇద్దరు ప్రోగ్రామర్లతో కలిసి ఒక గదిలో ఉండేవాణ్ణి. వాళ్ళు పగలంతా కంప్యూటర్లకు తెలివి నేర్పేవాళ్ళు. ఆ కంప్యూటర్లకు కరెంటు అందేలా చూసేది నేను. ఎవరు గొప్పో మీరే తేల్చుకోండి.

జమీలా ఆంటీ పుట్టింది డోర్నకల్ జంక్షన్లో. వాళ్ళ నాన్న రైల్వే గార్డు. పదో తరగతి దాకా తెలుగు బడిలోనే చదివింది కాబట్టి ఆవిడ తెలుగు మా ప్రోగ్రామర్ల తెలుగు కన్నా శుభ్రంగా ఉండేది. పెళ్ళయ్యాక హైదరాబాదు, మొగల్‌పురా. అక్కడి నుంచి భర్త షౌకత్ అంకుల్ ఉద్యోగం వెంట సింగపూరు. ఆయన జురాంగ్ వైపు ఒక ఫ్యాక్టరీలో మీటర్లు సరిచూసే ఇంజనీరు. మాట తక్కువ మనిషి. ఆ తక్కువ మాటలన్నీ ఆంటీని ఆటపట్టించడానికే దాచుకునేవాడు. పిల్లలు ఇమాద్, జవేరియా పెద్దవాళ్ళయ్యాక ఆంటీ ఒక బడి లైబ్రరీలో పుస్తకాలకు అట్టలు వేసే పనికి పొద్దున్న వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేది. మిగిలిన పొద్దంతా కింద గదిదే.

ఆ గది సంగతి చెప్పాలి. ఇక్కడి బ్లాకులకు నేల మీద అంతస్తు గోడల్లేకుండా స్తంభాలతో ఖాళీగా ఉంటుంది. వాయిడ్ డెక్ అంటారు. మా వాయిడ్ డెక్‌లో ఒక మూల బియ్యం, సబ్బులు అమ్మే చిన్న కొట్టు ఉండేది. పక్క వీధిలో సూపర్‌మార్కెట్ వచ్చాక మూతపడింది. షట్టర్ దించి రెండేళ్ళు. జమీలా ఆంటీ మా బ్లాకుల బాగోగులు చూసే ఎస్టేట్ ఆఫీసుకు వెళ్ళి ఆ గది బ్లాకువాళ్ళకు ఇమ్మని అడిగింది. ఒక్క మనిషి పేరు మీద ఇవ్వం, గుంపు పేరు మీదే ఇస్తాం అన్నారు. ఆవిడ పన్నెండు అంతస్తులూ తిరిగి సంతకాలు పెట్టించింది. ఆఫీసు తరఫున మిస్ క్వెక్ అనే అధికారిణి వచ్చి షరతు చెప్పింది. ఏడాది వాడి చూపించాలి. ఏ ఒక్కరు లేకపోయినా గది నడుస్తుందని తనకు నమ్మకం కుదిరితే గుంపు పేరు మీద రాసిస్తుంది. కుదరకపోతే సైకిళ్ళ షెడ్డు చేస్తారు.

ఆ షరతు విని ఆంటీ ముఖం ఎందుకు వాడిపోయిందో నాకు ఆ రోజు అర్థం కాలేదు. తర్వాత చెప్పింది. జురాంగ్ ఈస్ట్‌లో ఉన్నప్పుడు కూడా ఇలాంటి గదే ఒకటి నడిపిందట. తాళం ఆవిడ దగ్గరే. తెరిచేది ఆవిడే, మూసేది ఆవిడే. హైదరాబాదులో వాళ్ళమ్మ పోతే వెళ్ళి నలభై రోజులు ఉండిపోయింది. తిరిగి వచ్చేసరికి గదిలో సైకిళ్ళు.

"ఎవరన్నా కొట్లాడుకున్నరా ఆంటీ?" అని ఆవిడ యాసలోనే అడిగాను.

"ఎవరూ కొట్లాడలే. ఎవరూ మూయలే బేటా. ఎవరూ తెర్వలే, అంతే. ఆంటీ వస్తది, తెరుస్తది అని కూసున్నరు." మళ్ళీ తనే అంది, "ఇంకో గది గట్ల పోతే నేను తట్టుకోలేను."

అన్నదే గానీ, రెండో గదిలోనూ ఆంటీ అదే పని చేసింది. షట్టర్ తీసేది తనే, నేల తుడిచేది తనే, విరిగిన కుర్చీ పట్టుకుని తొమ్మిదో అంతస్తుకు నా దగ్గరికి వచ్చేది తనే. "ఏంరా వీరాస్వామీ, నీ సముద్రం కింద కేబుల్ సంగతి తర్వాత. ఈ కుర్చీ కాలు సూడు." అలవాటు. మాకూ అలవాటే. మధ్యాహ్నం మూడయ్యేసరికి గది తెరిచి ఉండేది, నీళ్ళ కూజా నిండి ఉండేది, పిల్లల హోంవర్క్ బల్లలు వరసగా ఉండేవి. ఊరి నుంచి మూడు నెలల వీసా మీద వచ్చి ఫ్లాటులో కిటికీ చువ్వలు లెక్కపెట్టుకునే అమ్మమ్మలకు అదొక లోకం. కుట్టుమిషన్ పెట్టుకోవడానికి మూడో అంతస్తు చువా ఆంటీకి అదొక చోటు. ఈ గది ఎలా నడుస్తోందని మాలో ఎవరమూ ఆలోచించలేదు. పొద్దు ఎలా పొడుస్తోందని ఎవరు ఆలోచిస్తారు?

ఏడాది పూర్తి కావస్తుండగా జగన్మోహనరావు గారికి ఒక ఆలోచన వచ్చింది. ఆయన నాలుగో అంతస్తు, కాకినాడ మనిషి, రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకు ఉద్యోగం. మంచివాడు. మైకు కనబడితే మాత్రం ఆయన చెయ్యి ఆయన మాట వినదు.

"జమీలా గారికి సన్మానం చేద్దామండీ. ఆ క్వెక్ గారినే ముఖ్య అతిథిగా పిలుద్దాం. మన గౌరవం చూసి ఆవిడే కరిగిపోతుంది."

ఆంటీ తప్పించుకోవాలని చూసింది. "శాలువా నక్కో, వద్దు రావుగారూ. నాకు మామూలుగనే ఉడికిపోతది."

"ఒక్క ఫోటో దాకా కప్పుకోండి, చాలు" అన్నాడాయన.

సింగపూరు ఉక్కలో శాలువా కప్పించుకుని నవ్వుతూ నిలబడటం ఒక్క తెలుగువాళ్ళకే చేతనవుతుంది. బ్యానర్ కట్టాం. దాని మీద ఆంటీ ఫోటో, కింద 'మా గదికి తల్లి' అని తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయించారు. జగన్మోహనరావు గారు మైకు అందుకుని తెలుగులో మొదలుపెట్టారు. "ఈ గదికి ప్రాణవాయువు జమీలా గారు. ఆవిడ ఒక్క రోజు రాకపోతే ఈ తలుపు తెరుచుకోదు. ఆవిడ లేకపోతే మేము లేము."

మిస్ క్వెక్ పక్కన కూర్చుని ఇంగ్లీషు చేసి చెప్పే పని నాది. చెప్పాను, కొంచెం వడ్డీ కలిపి. ఈ గదికి సున్నం మొత్తం ఈవిడ ఒక్క పూటలో కొట్టిందన్నాను. మా లిఫ్టు ఐదులోనూ తొమ్మిదిలోనూ తప్ప ఆగదు కదా, ఏడో అంతస్తు నుంచి రెండేసి అంతస్తులు మెట్లు దిగుతూ నలభై కుర్చీలు ఒక్కతే మోసిందన్నాను. నూటనాలుగు జ్వరంలో మంచం దిగలేని రోజు కిటికీలోంచి తాళంచెవిని తాడు కట్టి దించిందన్నాను. మిస్ క్వెక్ అన్నీ రాసుకుంటోంది. ఆ రాత చూసి నాకు ఇంకా ఊపు వచ్చింది.

ఆవిడ పెన్ను ఆపి అడిగింది, "మరి మిగతావాళ్ళు ఏం చేస్తారు?"

నేను జగన్మోహనరావు గారి వైపు చూశాను. ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకుని "వీ రెస్పెక్ట్ హర్" అన్నారు.

మిస్ క్వెక్ అది కూడా రాసుకుంది. జమీలా ఆంటీకి ఇంగ్లీషు బాగానే వచ్చు. శాలువా కప్పుకున్న ఆవిడ ముఖం పాలిపోవడం నేను చూశాను గానీ ఉక్కపోత అనుకున్నాను.

మూడు రోజుల తర్వాత ఉత్తరం వచ్చింది. ఆంటీ వాళ్ళింట్లో నేను ఫ్యాను బాగుచేస్తుంటే షౌకత్ అంకుల్ పైకి చదివాడు. గది ఒక్క వ్యక్తి శ్రమ మీద నడుస్తున్నట్టు తెలిసింది, నాలుగు వారాల్లో ఏదో ఒక రోజు చెప్పకుండా వచ్చి మళ్ళీ చూస్తాం, అప్పటికీ ఇలాగే ఉంటే వెనక్కి తీసుకుంటాం అని దాని సారం. అంకుల్ ఉత్తరం మడిచి, కుర్చీ మీదున్న శాలువా వైపు చూశాడు.

"మంచి బట్ట. ఒక గదికి ఒక శాలువా. బేరం బాగుంది."

ఆంటీ నవ్వలేదు. నా వైపు తిరిగింది. "నువ్వేం జెప్పినవురా ఆమెకు?"

చెప్పాను. స్టూలు మీద నిలబడి ఒప్పుకోవడం చాలా కష్టం, ఎటూ పోవడానికి ఉండదు.

"నలభై కుర్చీలా? ఆడ ఉన్నయే పదహారు."

"పదహారు చెబితే ఆవిడ పెన్ను కదలదు ఆంటీ."

"నా గురించి గొప్పలు జెప్పినవ్. గొప్ప నాదైతే గది వాళ్ళది ఎట్లయితది?" అని ఆవిడ లేచి, గోడ మేకుకున్న తాళంచెవి తీసి నా చేతిలో పెట్టింది. "తీస్కపోయి కింద ఎవరికన్నా ఇయ్యి. రేపట్నించి నేను ఊర్ల లేను."

"ఎక్కడికి వెళ్తున్నారు?"

"ఎక్కడికి పోత? ఈడనే ఉంట, బడి పనికి పోత, వస్త. మీకే లేను."

నేను తాళంచెవి తీసుకెళ్ళి, మా వాళ్ళందరూ ఏం చేస్తారో అదే చేశాను. పెద్దమనిషి చేతిలో పెట్టాను. జగన్మోహనరావు గారు రెండు చేతులా అందుకుని బ్యాంకు బ్యాగులో వేసుకున్నారు. ఆయన ఇల్లు చేరేది రాత్రి ఎనిమిదికి. మొదటి మూడు రోజులు షట్టర్ లేవలేదు. అడిగినవాళ్ళందరిదీ ఒకటే మాట, "రావుగారు తెరుస్తారులే."

ఆ మూడు రోజులూ జమీలా ఆంటీ వంటింటి కిటికీ దగ్గర నిలబడటం చూశాను. ఫ్యాను పని ఇంకో మూడు సాయంత్రాలు పట్టింది, నా లాంటి నిపుణుడికి కూడా. గదిలో ట్యూబులైటు వేస్తే సాయంత్రానికి ఆ వెలుగు బయట పచ్చిక మీద చాపలా పడుతుంది. ఏడో అంతస్తు నుంచి గది కనబడదు, ఆ చాప కనబడుతుంది. మూడో సాయంత్రం కూడా పచ్చిక నల్లగానే ఉంది.

"రెండో తాళంచెవి ఉంది కదా. దిగి తెరిచిరా. నేనెవరికీ చెప్పను" అన్నాడు షౌకత్ అంకుల్. ఈసారి ఆటపట్టించడం లేదు.

ఆవిడ చూపు పచ్చిక మీదే ఉంది. కూర అడుగంటిన వాసన వస్తున్నా కదలలేదు. "నక్కో" అంది చివరికి. "నేను తెరిస్తే మళ్ల నేనే తెర్వాలె."

గది తెరిపించింది సూరమ్మ గారు. జగన్మోహనరావు గారి భార్య ఉమకు తల్లి. శ్రీకాకుళం నుంచి వీసా మీద వచ్చిన అమ్మమ్మల్లో ఒకరు. నాలుగో రోజు మధ్యాహ్నం మూసిన షట్టర్ ముందు చాప పరుచుకుని కూర్చుంది. ఐదు కొట్టినా లేవలేదు, ఏడైనా లేవలేదు. ఉమ వచ్చి పిలిచినా లేవలేదు. ఎనిమిదికి అల్లుడు రైలు దిగి వస్తే, అత్తగారు కొంగు తల మీదికి లాక్కుని, ఆయన వైపు చూడకుండా స్తంభంతో మాట్లాడినట్టు అడిగింది.

"అల్లుడుగారూ, గది తాళం మీ బేంకు లాకర్లో పెట్టీసినారేటి?"

జగన్మోహనరావు గారు బ్యాగు తెరిచారు. తాళంచెవి సూరమ్మ గారి చేతిలోకి వచ్చింది. ఆవిడ గది తెరిచి, మూడు రోజుల దుమ్ము చూసి చీపురు అందుకుంది. ఊడ్చడం అయ్యాక కొంగు అంచు నుంచి ఒక పోగు లాగి, తాళంచెవిని చీపురు పిడికి కట్టేసింది.

"ఊడిసినోలదే తాలం. రేపు ఎవలు ఊడుస్తారో ఆలింటికాడ పెట్టీసి వస్తాను. చీపురొద్దనుకుంతే తాలమూ లేదు."

తాళంచెవిని పదవి అనుకున్నవాళ్ళం మా బ్లాకులో చాలామందిమి ఉన్నాం. చీపురుతో కలిసి వచ్చేసరికి దాన్ని ఎవరూ బ్యాగులో పెట్టుకోలేకపోయారు. ఉమ బడి క్యాలెండర్ వెనక గళ్ళు గీసి వంతులు రాసింది. బుధవారం చువా ఆంటీది. ఆవిడకు తెలుగు రాదు, సూరమ్మ గారికి చైనీసు రాదు. మంగళవారం సాయంత్రం తలుపు దగ్గర చీపురు కనబడగానే ఇద్దరికీ అన్ని భాషలూ వచ్చేశాయి. ఆదివారం జగన్మోహనరావు గారిది. ఆయన ఇస్త్రీ చొక్కాతో ఊడుస్తుంటే కూతురు ప్రణవి పక్కనే నిలబడి సింగపూరు ఇంగ్లీషులో "డాడీ, కార్నర్ నాట్ క్లీన్ లా" అని చూపించింది. ఆయన మళ్ళీ ఊడ్చారు. నా వంతు శనివారం. నేను ఊడ్చిన రోజు నేలలో ముఖం చూసుకుని ఇద్దరు గడ్డం గీసుకున్నారు.

రెండో వారంలో తగువు వచ్చింది. పిల్లల హోంవర్క్ వేళకే చువా ఆంటీ కుట్టుమిషన్ మొదలవుతోంది. తీర్పు కోసం ఉమ, చువా ఆంటీ కలిసి ఏడో అంతస్తుకు బయలుదేరారు. ఇద్దరికీ నడుమ దుబాసీగా నన్ను లాక్కెళ్ళారు. ఐదులో లిఫ్టు దిగి మెట్లెక్కి బెల్లు కొడితే జమీలా ఆంటీ ఇనుపగ్రిల్లు వెనక నిలబడింది.

"ఆంటీ, మీరే చెప్పండి" అంది ఉమ.

"నేను ఊర్ల లేనమ్మా."

"ఇదిగో, కనబడుతున్నారు కదా."

"కనబడుతున్న. ఊర్ల లేను." తలుపు మూసింది. మూశాక లోపల అడుగులు దూరం పోలేదు. తలుపుకు ఆనుకునే నిలబడి ఉంటుంది.

మేము మెట్లు దిగుతున్నాం. ఆరో అంతస్తు దగ్గర ఉమ "నాలుగింటి దాకా మీరు కుట్టుకోండి, తర్వాత పిల్లలు" అంది. ఐదో అంతస్తులో చువా ఆంటీ "ఫోర్ ఓకే. మండే ఫుల్ డే మై వన్" అంది. లిఫ్టు వచ్చేలోపు అయిపోయింది. సింగపూరు లిఫ్టులు ఇంకొంచెం ఆలస్యంగా వస్తే ప్రపంచంలో కోర్టులు అక్కర్లేదు.

మూడో వారంలో కుళాయి కారితే ఉమే ఆఫీసుకు ఫోన్ చేసింది. కొత్తగా ఎవరో రెండు చాపలు తెచ్చారు. ఎవరు తెచ్చారో ఇప్పటికీ తెలియదు.

నాలుగో వారం బుధవారం మధ్యాహ్నం నేను గదిలో ట్యూబులైటు మారుస్తున్నాను. మళ్ళీ స్టూలు మీదే. మిస్ క్వెక్ గుమ్మంలోకి వచ్చింది. లోపల చువా ఆంటీ మిషన్ మీద ఉంది, సూరమ్మ గారు ఇంకో ముగ్గురితో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. మిస్ క్వెక్ బూట్లతో లోపలికి అడుగు వేయబోతే, చువా ఆంటీ మిషన్ ఆపకుండానే వేలితో కాళ్ళు చూపించింది. ఆవిడ బూట్లు విప్పి వచ్చింది.

"మేడమ్ జమీలా ఎక్కడ?" అని నన్ను అడిగింది.

నా నోట్లో మూడు కథలు సిద్ధంగా ఉన్నాయి. మింగేశాను. "పైన వాళ్ళింట్లో ఉంది. ఇరవై నాలుగు రోజులుగా ఈ గదికి రాలేదు" అన్నాను.

మిస్ క్వెక్ కాగితాలు తిప్పింది. "మీరు పోయినసారి నలభై కుర్చీలని చెప్పారు. ఇప్పుడే లెక్కపెట్టాను, పదహారున్నాయి."

జీవితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పిన ఒకే ఒక్క రోజు నన్ను ఎవరూ నమ్మలేదు. నేను స్టూలు దిగి పక్కకు తప్పుకున్నాను. ఆవిడ వెళ్ళి చువా ఆంటీతో వాళ్ళ భాషలో మాట్లాడింది. నాకు జమీలా అన్న పేరు ఒక్కటే అర్థమైంది. చువా ఆంటీ పెదవి విరిచి, నాకూ తెలియాలన్నట్టు ఇంగ్లీషులోకి దిగింది. "జమీలా? లాంగ్ టైమ్ నెవర్ కమ్. మే బీ సిక్. టుమారో ఐ బ్రింగ్ సూప్ ఫర్ హర్."

"మరి ఈ గది ఎవరిది?"

చువా ఆంటీ గోడ గడియారం చూసింది. "నౌ, మైన్. ఫోర్ ఓ క్లాక్, చిల్డ్రన్స్. నైట్, హర్స్" అని సూరమ్మ గారి వైపు గడ్డంతో చూపించింది.

తన మాటేదో వస్తోందని సూరమ్మ గారు తలెత్తింది. వచ్చినామె అధికారి అని ఎవరూ చెప్పలేదు. అటూ ఇటూ చూసి, మిస్ క్వెక్ ముందుకు ఒక గుప్పెడు చిక్కుడుకాయలు జరిపింది. "ఊరికే నిలబడ్డం ఎందుకమ్మా, ఇవి ఒలు." మిస్ క్వెక్ నా వైపు చూసింది. వడ్డీ లేకుండా అనువాదం చేశాను. ఆవిడ కూర్చుంది. నాలుగు కాయలు ఒలిచింది, నార కూడా తీయలేదు. సూరమ్మ గారు ఆవిడ చేతిలోంచి తీసుకుని మళ్ళీ ఒలిచింది.

ఉత్తరం మూడో రోజున వచ్చింది. గది గుంపు పేరు మీద రాశారు. పేర్ల జాబితాలో జమీలా ఆంటీ పదకొండోది, ఇంటి నంబర్ల వరసలో.

ఆ సాయంత్రం ఆవిడ కింద గదికి దిగింది. నేను వాళ్ళింట్లో కుళాయి వాషరు మార్చి ఆవిడ వెనకే వచ్చాను. గుమ్మంలో నిలబడి అంతా చూసింది. చాపలు చూసింది. గోడ మీద క్యాలెండర్ చూసింది. ఆవిడ పెట్టిన పుస్తకాల బీరువాను వీళ్ళు కిటికీ దగ్గరి నుంచి తలుపు వెనక్కి మార్చేశారు. ఆవిడ నేరుగా వెళ్ళి బీరువా మీద చెయ్యి వేసింది, పాత చోటికి జరపడానికి.

"అక్కడే ఉండనీయండమ్మా" అంది సూరమ్మ గారు, చాప మీద నుంచి లేవకుండానే. "కిటికీకాడైతే వాన జల్లు కొట్టీసి పుస్తకాలు పాడైపోతన్నాయి. మేవే జరిపినాం. మీరిలా కూసోండి."

ఆంటీ చెయ్యి బీరువా మీద ఇంకాసేపు ఉంది. తర్వాత తీసేసింది. వెళ్ళి చాప చివర, ఎవరో జరిగి ఇచ్చిన చోట కూర్చుంది. ఉమ క్యాలెండర్ తెచ్చి, గురువారం సాయంత్రం తుడిచే వంతు ఖాళీగా ఉంది, రాసుకోమంటారా అని అడిగింది. ఆవిడ తల ఊపింది.

ఇంటికి వెళ్ళేసరికి షౌకత్ అంకుల్ పత్రిక మీంచి చూశాడు. నా పనిముట్ల సంచి అక్కడే మరిచిపోయాను కాబట్టి నేనూ ఉన్నాను.

"ఏమైంది? మళ్ళీ శాలువా కప్పారా?"

"బీరువా జరపనియ్యలే నన్ను" అంది ఆవిడ. చెప్పులు విడిచి వంటింట్లోకి వెళ్ళి ముగ్గురికి టీ పెట్టింది. పాలు పొంగే దాకా తనలో తనే నవ్వుకుంటూ ఉంది.